బల్ల పెరిగితే ముందు నిదానం, తరువాతే ఔషధం

కోనసీమ పల్లెల్లో ఎడమ డొక్క క్రింద గట్టిగా ఏదైనా చేతికి తగిలితే "కడుపులో బల్ల పెరిగింది" అంటారు. ఆ మాట అన్న మరుక్షణమే మందు అడుగుతారు. వెంపలి వేరు కషాయం మంచిదా, పిప్పళ్ళు మంచివా, పసరు పోయించాలా, వాతలు పెట్టించాలా అన్నదే వారి సందేహం. అసలు బల్ల ఎందుకు పెరిగింది అన్న ప్రశ్న చాలా ఇళ్ళలో పుట్టనే పుట్టదు.

గురుకులంలో శాస్త్రం చదివి, దశాబ్దాలుగా అమలాపురం ప్రాంతంలో చికిత్స చేస్తున్న వైద్యునిగా పాఠక మహాశయులకు నేను మనవి చేయదలచినది ఇది: బల్ల అనేది లోపల ఉన్న వ్యాధికి గుర్తు మాత్రమే. ఆ గుర్తు వెనుక చాలాసార్లు సాధారణ వ్యాధి ఉంటుంది. అరుదుగా క్యాన్సర్ ఉంటుంది. ఆ అరుదైన క్యాన్సర్లలో కొన్ని నేటి చికిత్సకు చక్కగా లొంగుతున్నాయి. కావున వ్యాధి పేరు తెలుసుకోకుండా మందులతో గడిపే కాలం రోగికి నష్టదాయకం.

ప్లీహము - దాని పని

మనం బల్ల అని పిలిచే అవయవానికి శాస్త్రంలో పేరు ప్లీహము. ఇది ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల చాటున, జీర్ణాశయానికి వెనుకగా ఉంటుంది. పెద్దవారిలో పిడికిలంత పరిమాణం, సుమారు 150 గ్రాముల తూకం. ఆరోగ్యవంతులలో సాధారణంగా పక్కటెముకలు దాటి క్రిందికి రాదు. కావున పెద్దవారిలో అది చేతికి తగిలిందంటే బాగా పెరిగిందనే భావించవలెను.

రక్తంలోని ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కాలం తీరిన కణాలను రక్తంలోంచి వడగట్టే పని ప్రధానంగా ప్లీహానిదే. రక్తంలో చేరిన సూక్ష్మజీవులను పట్టి, వాటిని ఎదిరించే పదార్థాలను తయారు చేయడంలోనూ దీనికి పెద్ద పాత్ర ఉంది. రక్తవహ స్రోతస్సులకు యకృత్తు, ప్లీహములే మూలమని చరకాచార్యుడు చెప్పిన మాటకు ఆధునిక శాస్త్రం ఇచ్చిన వివరణ వంటిది ఇది.

శాస్త్రం ఏమి చెప్పింది? ఎంతవరకు చెప్పింది?

చరక సంహిత చికిత్సాస్థానం 13వ అధ్యాయంలో చెప్పిన ఎనిమిది ఉదరరోగాలలో ప్లీహోదరం ఒకటి. మొదట రాయివలె గట్టిగా ఉండి, పెరిగిన కొద్దీ తాబేలు వీపు ఆకారంలో చేతికి తెలుస్తుందని ఆచార్యుడు వర్ణించాడు. బలహీనత, అరుచి, సన్నని జ్వరం, శరీరం చిక్కిపోవడం లక్షణాలుగా చెప్పాడు. ఒళ్ళు పాలిపోవడాన్ని సుశ్రుతుడు చెప్పాడు. నేడు పెద్ద ఆసుపత్రిలో వైద్యుడు వ్రాసుకునే లక్షణాలు కూడా దాదాపు ఇవే.

ఔషధాలలో పిప్పలి, రోహితకము, వెంపలి ప్రసిద్ధమైనవి. మన ఇసుక నేలల్లో, గట్ల మీద పెరిగే వెంపలికి సంస్కృతంలో ప్లీహశత్రువు అనే పేరే ఉన్నది. అయితే అర్బుదాన్ని, అనగా గడ్డరూపంలో పెరిగే వ్యాధిని, శాస్త్రం వేరే ప్రకరణంలో చెప్పింది. ప్లీహంలో పుట్టే అర్బుదానికి చరక సుశ్రుతులు ప్రత్యేకంగా పేరు పెట్టి చికిత్స చెప్పలేదు. ఆనాటి వైద్యునికి ఉన్న సాధనాలు కన్ను, చెయ్యి, ప్రశ్న. అదే తాబేలు వీపు మలేరియాలోనూ, కాలేయం చెడినప్పుడూ, రక్తపు క్యాన్సర్‌లోనూ చేతికి ఒక్క విధంగానే తగులుతుంది. నాడి పట్టుకొని ప్లీహంలోని కణం జాతి చెప్పగలనని నేను ఎన్నడూ అనలేదు. అనేవారిని నమ్మవద్దనే చెబుతాను. ముందు రోగాన్ని పరీక్షించి, ఆ తరువాతే ఔషధాన్ని ఆలోచించమన్నది చరకుని ఆదేశం. వ్యాధి పేరు చెప్పలేని నాడు మందు పేరు చెప్పరాదని మా గురువుగారు మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు.

సాధారణ కారణాలు

బల్ల పెరిగిన వారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. మద్యపానం వలన గాని, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వలన గాని కాలేయం గట్టిపడితే, ప్రేగుల నుండి, ప్లీహం నుండి కాలేయానికి పోయే సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బుతుంది. మన్యం ప్రాంతాలకు వెళ్ళివచ్చిన వారిలో మలేరియా, జ్వరాలలో టైఫాయిడ్, కొందరిలో క్షయ కారణమవుతాయి. పిల్లలలో థలసీమియా, సికిల్ సెల్ వంటి పుట్టుకతో వచ్చే రక్తదోషాలను మరువరాదు.

ఇక క్యాన్సర్ల మాట. ప్లీహాన్ని పెంచేవి ఎక్కువగా రక్తకణాలకు, లసిక కణాలకు సంబంధించినవే: ల్యుకేమియాలు, లింఫోమాలు. ప్లీహంలోనే మొదలయ్యే క్యాన్సర్లు మిక్కిలి అరుదు. ఇతర అవయవాల క్యాన్సర్ ప్లీహానికి పాకడం కూడా అరుదే. గల్ఫ్ ప్రయాణానికి వైద్యపరీక్ష చేయించుకున్నవారు, మరో పనికి స్కానింగ్ తీయించుకున్నవారు "ప్లీహంలో గడ్డ" అన్న రిపోర్టు పట్టుకొని భయపడుతూ వస్తుంటారు. అటువంటి వాటిలో హాని లేని నీటితిత్తులు, రక్తనాళాల ముద్దలు కూడా ఉంటాయి. భయపడడానికైనా, ధైర్యపడడానికైనా నిదానం పూర్తి కావలెను.

ఏ లక్షణాలు ఉపేక్షింపరానివి?

• నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండినట్లు ఉండడం. పెరిగిన ప్లీహం జీర్ణాశయాన్ని ఒత్తడమే దీనికి కారణం.
• ఎడమ డొక్కలో బరువు. ఎడమ భుజం వరకు పాకే నొప్పి.
• కారణం లేకుండా తూకం తగ్గడం, రాత్రివేళ బట్టలు తడిసేంత చెమట, విడవని సన్నజ్వరం.
• ఒళ్ళు పాలిపోవడం, మెట్లెక్కితే ఆయాసం.
• చిన్న దెబ్బకే కమిలిపోవడం, చిగుళ్ళ నుండి రక్తం.
• తరచుగా జ్వరాలు, చీముగడ్డలు, న్యుమోనియా.

బల్ల ఉన్నదని తెలిసిన మనిషికి ఉన్నట్టుండి ఎడమవైపు తీవ్రమైన నొప్పి వచ్చి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగితే ప్లీహం చిట్లి లోపల రక్తం పోతున్నదేమోనని అనుమానించవలెను. అప్పుడు ఇంటిలో ఏ మందూ వేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

నిదాన క్రమం

మొదటి మెట్టు పరీక్షలు అమలాపురంలోనే జరుగుతాయి. రక్తకణాల పూర్తి లెక్క, అద్దం పలక మీద రక్తపు బొట్టును పరచి సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష (స్మియర్), కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కడుపు స్కానింగ్. యంత్రం ఇచ్చిన అంకెలతో సరిపెట్టుకోక, స్మియర్‌ను పాథాలజీ వైద్యుడు స్వయంగా చూడాలని అడగండి. అరుదైన క్యాన్సర్ల ఆచూకీ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

అనుమానం నిలిస్తే రెండవ మెట్టు ఎముక మూలుగ పరీక్ష, కణాల పైపొరల గుర్తులను పట్టే ఫ్లో సైటోమెట్రీ, అవసరమైన జన్యుపరీక్షలు, సి.టి. లేక పెట్ స్కాన్. ఇందుకు కాకినాడ, విశాఖపట్నం, హైదరాబాదు వంటి చోట్ల రక్తవ్యాధి నిపుణులున్న ఆసుపత్రికి పోవలసి రావచ్చు. విశాఖలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ప్రభుత్వ రంగంలో ఉన్నవి.

"గడ్డ ప్లీహంలో ఉంటే అక్కడే సూది గుచ్చి ముక్క తీయరేమి?" అని పలువురు అడుగుతారు. ప్లీహం నిండా రక్తమే. సూది గుచ్చితే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉన్నది. అందుకే రక్తంలో, మూలుగలో జవాబు వెదకి, అక్కడ దొరకనప్పుడే వైద్యులు ప్లీహం వైపు చూస్తారు. కొన్నిసార్లు ప్లీహాన్ని తొలగించి పరీక్షించిన తరువాతే వ్యాధి పేరు తేలుతుంది.

సాధ్యము, యాప్యము, అసాధ్యము

మన ప్రాచీనులు చికిత్సకు ముందే వ్యాధిని సాధ్యమా, యాప్యమా, అసాధ్యమా అని విచారించమన్నారు. ప్లీహాన్ని పెంచే క్యాన్సర్లను అర్థం చేసుకోవడానికి ఈ విభజన నేటికీ చక్కగా పనికివస్తుంది.

సాధ్యమునకు సమీపమైనది: హెయిరీ సెల్ ల్యుకేమియా. సూక్ష్మదర్శినిలో కణాల అంచున వెంట్రుకల వంటి పోగులు కనిపిస్తాయి గనుక ఆ పేరు. ఎక్కువగా నడివయసు దాటిన పురుషులకు వస్తుంది. బల్ల పెరిగి, ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గుతాయి. 1958లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. దీనికి మూలమైన జన్యుదోషం 2011లో బయటపడింది. క్లాడ్రిబిన్ అనే మందును 5 నుండి 7 రోజులు ఒక్క విడత ఇస్తేనే చాలామందిలో వ్యాధి ఏళ్ళ తరబడి అణగి ఉంటుంది. తిరిగి వస్తే మళ్ళీ చికిత్స ఉన్నది.

యాప్యములు: మందు వాడుతున్నంతకాలం, లేక కనిపెట్టి ఉన్నంతకాలం, అదుపులో ఉండేవి యాప్యములు. కూలబోయే ఇంటికి సరిగా పెట్టిన ఊతకోలతో సుశ్రుతుడు యాప్యవ్యాధి చికిత్సను పోల్చాడు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా దీనికి చక్కని ఉదాహరణ. బల్ల బొడ్డు దాటి పెరిగే వ్యాధులలో ఇదొకటి. 2001కి ముందు దీనితో చాలామంది కొద్ది సంవత్సరాలలోనే గతించేవారు. ఆ సంవత్సరం అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మాత్రతో పరిస్థితి మారిపోయింది.

కొన్నేళ్ళ క్రితం రాజోలు వైపు నుండి ఒక కొబ్బరి రైతు భార్యతో వచ్చాడు. "బల్లకి నలభై రోజుల మందు ఇప్పించండి, వైద్యులుగారూ. పథ్యం ఎంత కఠినమైనా చేస్తానండి" అన్నాడు. చేతికి బల్ల బొడ్డు దాకా తగిలింది. "మందు కంటె ముందు రక్తం చూడాలి బాబూ. అది చూడకుండా నేను పొట్లం కట్టను" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం "ఎక్కడికి వెళ్ళమంటారో కాగితం మీద రాసివ్వండి. ఈవేళే తీసుకెళతానండి" అన్నది. తెల్లకణాలు లక్షలలో ఉన్నవి. జన్యుపరీక్షలో ఈ వ్యాధే అని తేలింది. నేటికీ ఆయన రోజూ మాత్ర వేసుకుంటూ తోట పని చూసుకుంటున్నాడు. బల్ల చేతికి తగలడం లేదు. నయమైపోయిందని మాత్ర మానకూడదని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను. ఊతకోల తీస్తే ఇల్లు నిలవదు. మాత్ర ఆపడం కొందరిలో సాధ్యమే అయినా, అది జన్యుపరీక్షలు చూసి నిపుణుడు నిర్ణయించవలసిన విషయం.

స్ప్లీనిక్ మార్జినల్ జోన్ లింఫోమా మరొక యాప్యం. పెద్దవయసులో, నెమ్మదిగా సాగే అరుదైన లింఫోమా. బాధ లేనప్పుడు మందు లేకుండా కనిపెట్టి ఉండడమే చికిత్స. అవసరమైనప్పుడు రిటుక్సిమాబ్ ఇస్తారు. ఈ రోగులలో కొందరికి హెపటైటిస్ సి ఉంటుంది. ఆ వైరస్‌కు చికిత్స చేస్తే లింఫోమా కూడా తగ్గిపోయిందని 2002లో ఫ్రాన్స్ వైద్యులు ప్రకటించారు. కారణాన్ని తొలగించడమే చికిత్స అన్న మన నిదాన పరివర్జన సూత్రానికి ఇంతకంటె మంచి నిదర్శనం నాకు కనిపించలేదు. హెపటైటిస్ సి పరీక్ష చేయకుండా ఏళ్ళ తరబడి కషాయం త్రాగితే ఈ మార్గం మూసుకుపోతుంది.

కష్టసాధ్యములు, అసాధ్యములు: యువకులలో ఎక్కువగా కనిపించే హెపటోస్ప్లీనిక్ టి-సెల్ లింఫోమా వేగంగా సాగుతుంది. ప్లీహంలోని రక్తనాళాల గోడలలో పుట్టే ఆంజియోసార్కోమా ఇంకా క్రూరమైనది. త్వరగా కాలేయానికి పాకుతుంది, ప్లీహాన్ని చిట్లజేస్తుంది. గుర్తించిన తరువాత ఎక్కువమంది సంవత్సరం దాటరు. చిట్లకముందే తొలగించగలిగితే కొంత మేలు. ఇటువంటి చోట రోగికి, ఇంటివారికి నిజం చెప్పడం వైద్యధర్మం. నొప్పి తగ్గించే ఉపశమన చికిత్స కూడా చికిత్సే. ఇల్లు తాకట్టు పెట్టించి అద్భుతాలు అమ్మజూపేవారి నుండి ఆ కుటుంబాన్ని కాపాడడం కూడా వైద్యంలో భాగమే. క్యాన్సర్‌ను నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

గోదావరి తీరం నుండి ఒక ఉపకారం

"ఈ క్యాన్సర్ మందులన్నీ పరాయివి, మన వైద్యానికి విరోధులు" అనే మాట నా వద్ద చాలామంది అంటారు. వారికి నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెబుతాను. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళకముందు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. తరువాత అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ విటమిన్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను కూడా రూపొందించింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ మందును ల్యుకేమియాతో బల్ల, కాలేయం ఉబ్బి మరణానికి చేరువైన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను పిల్లల ల్యుకేమియాలో నేటికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం కృషి ఫలమే.

ఇమాటినిబ్ సంగతి కూడా ఇటువంటిదే. విదేశీ సంస్థ మాత్రకు నెలకు లక్ష రూపాయలు దాటిన రోజులలో, హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో అదే మందును వీనాట్ పేరుతో అందులో పదో వంతు ధరకే తెచ్చింది. పేటెంట్ వివాదం సుప్రీంకోర్టు దాకా పోగా, 2013 ఏప్రిల్ 1న కోర్టు విదేశీ సంస్థ కోరికను త్రోసిపుచ్చింది. నా రాజోలు రైతు నేడు మాత్ర కొనుక్కోగలుగుతున్నాడంటే దాని వెనుక ఈ చరిత్ర ఉన్నది.

ఇంటిలో చేయదగినవి, చేయరానివి

నిదానం జరిగి, చికిత్స సాగుతున్నప్పుడు ఇంటివారి సేవకు విలువ ఎక్కువ.

1. ఆహారం: కడుపు త్వరగా నిండుతుంది గనుక రోజుకు మూడు పెద్ద భోజనాలకు బదులు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టవలెను. గుప్పెడు పెసరపప్పును దోరగా వేయించి, పదింతల నీటిలో మెత్తగా ఉడికించి, పలుచగా వడగట్టి, చిటికెడు జీలకర్రపొడి, తగినంత సైంధవలవణం, అర చెంచా నెయ్యి కలిపి ఇస్తే తేలికగా జీర్ణమవుతుంది. నోరు పూసినప్పుడు కారం, పులుపు మాని పేలాల జావ చల్లార్చి ఇవ్వండి.

2. శుభ్రత: తెల్లకణాలు తగ్గిన రోజులలో పచ్చి కూరముక్కలు, నిలవ పచ్చళ్ళు, బయటి చట్నీలు వద్దు. కొబ్బరినీరు అప్పటికప్పుడు కొట్టిన బొండం నుండే ఇవ్వవలెను. మూత్రపిండాల దోషం ఉన్నవారికి డాక్టరును అడగకుండా ఇవ్వరాదు.

3. పిప్పలి: రోజురోజుకు పెంచుతూ, తిరిగి తగ్గిస్తూ ఇచ్చే వర్ధమాన పిప్పలి ప్లీహోదరంలో పేరుపొందిన ప్రయోగం. కాని పిప్పలి, మిరియాలలోని పైపెరిన్ అనే పదార్థం పలు మందులు కాలేయంలో విరిగిపోవడాన్ని మందగింపజేసి, రక్తంలో వాటి పరిమాణాన్ని పెంచుతుంది. కావున ఇమాటినిబ్ వంటి మాత్రలు వాడేవారికి పిప్పలిని ఔషధ మోతాదులో నేను ఇవ్వను. చారులో వేసే మిరియాలకు ఈ భయం అక్కరలేదు. పంపరపనస కూడా డాక్టరును అడిగిన తరువాతే తినవలెను.

4. అరిష్టాలు, భస్మాలు, తిప్పతీగ: రోహితకారిష్టం వంటి వాటిలో సహజంగా పుట్టిన మద్యం ఉంటుంది, కాలేయం చెడినవారికి పనికిరాదు. రోహితకమన్న పేరుతో అంగళ్ళలో వేరే చెట్ల బెరడు కూడా అమ్ముతారు. కీమోథెరపీ సమయంలో లోహభస్మాలు వద్దు. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. దీనిపై ఆయుర్వేద వర్గాలలో భిన్నాభిప్రాయం ఉన్నా, క్యాన్సర్ రోగి విషయంలో జాగ్రత్తే మేలు.

5. వాతలు, మర్దన: బల్ల మీద వాతలు పెట్టించడం, గట్టిగా తోమించడం పూర్తిగా మానవలెను. తెల్లకణాలు తగ్గినవారికి వాత పుండు ప్రాణాంతకం కాగలదు. ఒత్తిడికి పెరిగిన ప్లీహం చిట్లవచ్చు. పిల్లలను ఆ వైపు దెబ్బలు తగిలే ఆటలకు పంపరాదు.

ప్లీహాన్ని తొలగించినవారికి

ప్లీహం లేకున్నా మనిషి జీవించగలడు. కాని న్యుమోనియా, మెదడుపొర జ్వరం కలిగించే సూక్ష్మజీవులు అటువంటివారిపై గంటలలో విజృంభిస్తాయి. అందుకే ముందుగా నిశ్చయించిన ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు న్యుమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు వేయించవలెను. ఆపరేషన్ అయిన తరువాత ఎన్నేళ్ళకైనా చలిజ్వరం వస్తే తులసి కషాయంతో తెల్లవారేదాకా ఆగరాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళి ప్లీహం లేదన్న సంగతి మొదటి మాటగా చెప్పవలెను. ఆ విషయం వ్రాసిన కాగితం జేబులో ఉంచుకోవడం మంచి అలవాటు.

బల్ల కోసం ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా రక్తపరీక్ష, స్కానింగ్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు, వాడిన పసర్ల పేర్లు అన్నీ వెంట తీసుకువెళ్ళండి. క్యాన్సర్ డాక్టరు వద్ద ఆయుర్వేద మందును, నా వంటివాని వద్ద క్యాన్సర్ మందును దాచవద్దు. "ఇది ఏ వ్యాధి వలన పెరిగిన బల్ల?" అని అడగండి. దానికి జవాబు చెప్పకుండా పొట్లం కట్టబోయే వైద్యుడు ఏ పద్ధతివాడైనా సరే, నమస్కారం చేసి లేచి రండి.